చెప్పి తెగిన గొలుసు

అనగా అనగా, చెప్పినవాళ్లు పోయి చెప్పిన మాట మాత్రం మిగిలిన రోజుల్లో, గవ్వలేరు అనే ఏరు ఒకటి ఉండేది. ఏటికి ఇవతలి ఒడ్డున ఒక కోట, ఏటి నడుమ ఒక లంక. కోటలో రాజు ఉండేవాడు, లంకలో రైతులు ఉండేవారు.

లంక నేల మంచిది. గుమ్మడి వేస్తే గుమ్మడి, దోస వేస్తే దోస, ఏది వేస్తే అది విరగకాసేది. వచ్చిన చిక్కల్లా వరదతోనే. వానాకాలంలో ఏరు పొంగితే లంక మునుగుతుంది. అప్పుడు అక్కడివాళ్లంతా పిల్లాపాపలతో పడవెక్కి ఇవతలికి రావాలి. రాలేకపోతే అంతే సంగతులు.

ఈ ఒడ్డున ఒక రాతి స్తంభం, లంకలో ఒక రాతి స్తంభం. రెండింటికీ కట్టిన లావుపాటి కొబ్బరి మోకు. పడవ ఆ మోకును పట్టుకునే అటూ ఇటూ దాటాలి. వదిలితే ఏరు ఎక్కడికి తీసుకుపోతుందో ఏటికే తెలియాలి.

ఆ పడవ నడిపే ఆవిడ పేరు పైడమ్మ. ఆమె కూతురు నూకాలు లంకలోనే కాపురం ఉండేది. నూకాలుకు ఒక చంటిపిల్ల. పైడమ్మ చేతులు ఎంత పనిచేసేవో నోరు అంత గొణిగేది. "ఇంతమంది ఎక్కితే పడవేం కావాలి, నా రెక్కలేం కావాలి?" అనేది. జనం నవ్వుకుంటూ ఎక్కేవారు.

ఇక రాజు సంగతి. ఆయన పేరు గిరివర్మ. మంచివాడే. అబద్ధమాడడు, ఒకరి సొమ్ము ముట్టడు. ఆయనకున్నది ఒక్కటే పిచ్చి, గట్టి పిచ్చి.

గట్టి అనే మాట ఉంది చూశారూ, అది మన భాషలో చాలా చాకిరీ చేస్తుంది. రాయి గట్టిది అంటాం, అంటే గోరు దిగదని. తాడు గట్టిది అంటాం, అంటే తెగదని. గట్టిగా పిలువు అంటాం, అంటే పెద్దగా అరవమని. వాడు గట్టివాడు అంటాం, అంటే ఏదైనా సాధించుకొస్తాడని. మీకూ నాకూ ఈ తేడాలు చెప్పకుండానే తెలుసు. గిరివర్మ మాత్రం మాట ఒకటైనప్పుడు గుణం కూడా ఒకటే అనుకున్నాడు. గట్టిగా మోగేదే గట్టిది, గట్టిగా మాట్లాడేవాడే గట్టివాడు అని ఖాయం చేసుకున్నాడు.

దీనికంతటికీ మూలం ఒక కుండ. చిన్నప్పుడు వాళ్లమ్మ నీళ్లకుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడటం ఆయన చూశాడు. ఖణేలుమంటే తీసుకుంది, బొదబొదమంటే పక్కన పెట్టింది. కుండ విషయంలో అది సరైన పద్ధతే, బీటలుంటే చప్పుడులో తెలిసిపోతుంది. కానీ రాజు పెద్దయ్యాక అన్నింటినీ తట్టి చూడటం మొదలుపెట్టాడు. తలుపులు తట్టేవాడు, స్తంభాలు తట్టేవాడు. కొత్త మంత్రిని పెట్టుకునేటప్పుడు తలమీద కూడా తట్టేవాడని గిట్టనివాళ్లు చెప్పుకునేవారు.

ఆ కొలువులో ఎవరూ నెమ్మదిగా మాట్లాడేవారు కారు. "చేయగలవా?" అని రాజు అడిగితే, "గలను!" అని పైకప్పు అదిరేలా చెప్పాలి. కోటగుమ్మం దగ్గర కొండయ్య అనే ముసలి కాపలాదారు ఉండేవాడు. ఒకనాడు అతను, "మహారాజా, మోకాళ్లు లాగుతున్నాయి. కాసేపు కూర్చోవచ్చా?" అన్నాడు. రాజు అతన్ని ఆ రోజే ఇంటికి పంపించేసి, పడుచువాణ్ణి ఒకణ్ణి నిలబెట్టాడు. ఆ పడుచువాడు ఎండలో నిలబడ్డాడు, వానలో నిలబడ్డాడు, ఎప్పుడడిగినా "ఏమీ లేదు ప్రభూ!" అన్నాడు. చివరికి పొరుగుదేశపు రాయబారి వచ్చి గుమ్మంలో కాలు పెడుతుండగా, నిలువునా అతని మీదే పడి మూర్ఛపోయాడు.

రాజు ఆ సంగతి గురించి పెద్దగా ఆలోచించలేదు.

ఒక ఏడు మోకు మార్చే రోజులు వచ్చాయి. కొబ్బరి మోకు తడికి నాని ఏటా పాడవుతుంది, ఏటా కొత్తది పేనాలి. రాజుకు విసుగొచ్చింది. కోట కమ్మరి రుద్రాచారిని పిలిపించాడు.

"ఆచారీ, మోకు వద్దు. ఇనప గొలుసు కట్టాలి. మళ్లీ నా మనవల కాలం దాకా ముట్టుకునే పని ఉండకూడదు. గట్టి గొలుసు కావాలి నాకు!"

పక్కనే రాణి నీలాంబ కూర్చుని ఉంది. ఆమెది విలుకాండ్ర వంశం. విల్లు ఎంత వంచితే తిరిగి వస్తుందో, ఎంత వంచితే రాదో చూస్తూ పెరిగింది. ఆమె అడిగింది.

"ఏ గట్టి, ప్రభూ?"

"ఏ గట్టి ఏమిటి దేవీ? గట్టి అంటే గట్టే!"

కొలువంతా గట్టిగా నవ్వింది. 

రుద్రాచారి పనిమంతుడే, కాకపోతే పొగడ్తకు పడిపోయే మనిషి. రాజుకు ఏది ఇష్టమో అతనికి తెలుసు. ఉక్కును ఎర్రగా కాల్చాడు, చన్నీళ్లలో చుయ్యిమని ముంచాడు. గొలుసులోని ఒక్కొక్క కొక్కేన్నీ అలాగే చేశాడు. గొలుసు తయారైంది. దాని మీద ఇనుమును అరగదీసే ఆకురాయి పెడితే ఆకురాయే జారిపోయింది. మేకుతో గీస్తే మేకు మొన పోయింది. రాజు వచ్చి కడ్డీతో తట్టాడు. ఖంగుమని కోటంతా వినబడింది.

"శెభాష్! ఇదీ గట్టి అంటే!" అన్నాడు రాజు.

"యుగాంతం దాకా తెగదు మహారాజా!" అన్నాడు రుద్రాచారి. మంచి శాలువా కప్పించుకుని ఇంటికెళ్లాడు.

ఎండాకాలం గడిచింది, చిరుజల్లులు పడ్డాయి. ఒక ఉదయం పైడమ్మ మేకల్ని ఎక్కించుకుని లంక నుంచి వస్తోంది. ఏట్లో ఒక తాటిమొద్దు కొట్టుకొచ్చి గొలుసుకు తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు. ఫటేలుమంది. గొలుసు వంగలేదు, సాగలేదు, కిర్రనలేదు. నిమిషం కిందట ఉన్నది, ఇప్పుడు లేదు, అంతే. పడవ గిర్రున తిరిగి ఇసుక తిన్నె మీదికెక్కింది కాబట్టి సరిపోయింది.

విరిగిన ముక్కల్ని ఏరి కొలువుకు తెచ్చారు. పక్కపక్కన పెడితే అవి పగిలిన పళ్లెం ముక్కల్లా సరిగ్గా అతికాయి. వంకర అన్నదే లేదు.

పైడమ్మ కూడా వచ్చింది, తడిచీరతోనే. "మారాజా, మోకైతే తెగే ముందు ఒక్కో పురీ విడిపోతా కనబడేది. సర్దుకునేవాళ్లం. ఇదేం గొలుసండీ, మాటా పలుకూ లేకుండా చంపేస్తంది!" అంది.

"గొణగకు. వేరేది చేయిస్తాం," అన్నాడు రాజు. ఆయనకు గొణిగేవాళ్లంటే పడదు.

రాజుకు కోపం వచ్చింది. కోపంలో మనిషి ఒక చివర నుంచి రెండో చివరకు దూకుతాడు. "ఇది మొండిది, అందుకే విరిగింది. ఈసారి మెత్తగా ఉండాలి. చెప్పినట్టు వంగాలి. అట్లాంటిది గట్టిగా ఉంటుంది," అన్నాడు.

"ఏ గట్టి, ప్రభూ?" అంది రాణి మళ్లీ.

"విరగని గట్టి!" అన్నాడు రాజు. "ఇప్పుడైనా సంతోషమేనా?"

"విరగకపోతే చాలా?" అంది రాణి. రాజు అప్పటికే లేచి వెళ్లిపోయాడు.

రుద్రాచారి రాగితో గొలుసు చేశాడు. ఎటు వంచితే అటు వంగింది. సుత్తితో కొడితే అణిగింది కానీ పగల్లేదు. తాటిమొద్దు తగిలినా ఊరుకుంది. అంతా మెచ్చుకున్నారు. కానీ పడవ బరువు పడినప్పుడల్లా అది కాస్త సాగేది. బరువు దిగాక వెనక్కి వచ్చేది కాదు. సాగింది సాగినట్టే ఉండేది. పనివాళ్లు వచ్చి బిగించేవారు, మర్నాటికి మళ్లీ వేలాడేది. బిగించేకొద్దీ కొక్కేలు సన్నబడ్డాయి. కొన్నాళ్లకు గొలుసు నడుమ భాగం నీళ్లలోనే ఉంది. పైడమ్మ దాన్ని అందుకోవడానికి పడవలోంచి వంగి, రెండుసార్లు ఏట్లో పడింది.

"దీనికి అందరూ చెప్పిందే వేదం. నేను లాగితే వస్తది, ఏరు లాగితే పోతది. దీన్ని పట్టుకుని ఎక్కడికని వెళ్లేది?" అంది పైడమ్మ.

ఈసారి రాజు గొణగకు అనలేదు. ఆకాశం వైపు చూశాడు. మబ్బులు దిగుతున్నాయి. అసలు వానలు ఇంకా ముందున్నాయి. లంకలో జనం ఉన్నారు.

సాయంత్రం ఆయన రాణి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.  తర్వాత, ఆ కోటలో ఎవరూ ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగాడు.

"ఏ గట్టి, దేవీ?"

రాణి నవ్వలేదు. నవ్వవలసిన సమయం కాదని ఆమెకు తెలుసు. "తట్టి చూడకండి ప్రభూ, లాగి చూద్దాం," అంది.

మర్నాడు రుద్రాచారి చేత రకరకాల ఇనప గొలుసుముక్కలు చేయించారు. ఒకటి గబుక్కున చల్లార్చింది, ఒకటి బూడిదలో పెట్టి నిదానంగా చల్లార్చింది, ఒకటి రెండింటికీ మధ్యది. ఒక్కొక్కదాన్నీ కోటగోడకు వేలాడదీశారు. కింద పెద్ద తట్ట కట్టారు. ముక్క చివర ఎక్కడుందో గోడమీద బొగ్గుతో గీత గీశారు.

ముందు నిదానంగా చల్లార్చిన ముక్క తట్టలో రాళ్లు వేశారు, గొలుసు కొంచెం సాగింది. రాళ్లు తీశారు, మళ్లీ గీత దగ్గరికి వచ్చింది. ఇంకా రాళ్లు వేశారు, తీశారు, మళ్లీ వచ్చింది. ఇంకా ఇంకా వేశారు. ఒక దగ్గర, రాళ్లు తీసేసినా అది గీత దాకా రాలేదు. కాస్త కిందనే ఆగిపోయింది.

"ఇదీ దీని హద్దు," అంది రాణి. "ఇంతవరకు ఎన్నిసార్లు లాగినా తిరిగి వస్తుంది. ఇది దాటితే రాదు."

"దాటితే తెగుతుందా?" అన్నాడు రాజు.

"చూద్దాం. వేయండి."

అన్నింటిలోనూ వేశారు. గబుక్కున చల్లార్చిన ముక్క హద్దూ గిద్దూ చూపించకుండానే పుటుక్కుమంది, మధ్యది కాస్త సాగి తెగింది. నిదానంగా చల్లార్చిన ముక్క మాత్రం వెంటనే తెగలేదు. కిర్రుమంది, మూలిగింది, సాగింది. ఒక కొక్కెం నడుము దగ్గర సన్నబడటం అందరికీ కనబడింది. ఇంకా చాలా రాళ్లు పడ్డాక, ఎప్పటికో గానీ తెగలేదు.

రుద్రాచారి ఆ ముక్కను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. శాలువాల మనిషే గానీ, పని మీద ప్రేమ ఉన్నవాడు. మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మహారాజా, ఇది కూడా తెగుతుంది. యుగాంతం దాకా అని ఈసారి అనను. కానీ ఇది చెప్పి తెగుతుంది."

రాజు అలవాటు కొద్దీ దాన్ని కడ్డీతో తట్టాడు. డబ్ అని ఒక మోటు చప్పుడు వచ్చింది. ఆయన ముఖం కొంచెం ముడుచుకుంది. అయినా, "ఇదే కట్టండి," అన్నాడు.

అలాంటి ఇనుముతోనే గొలుసు కట్టారు. రాణి దాని నడుమ ఒక ఎర్రగుడ్డ కట్టించింది. ఇవతలి స్తంభం దగ్గర నిలబడి చూస్తే, ఆ గుడ్డ లంక స్తంభం మీద గీసిన సున్నపు గీతకు సరిగ్గా ఎదురుగా కనబడుతుంది. పడవ బరువు పడితే గుడ్డ దిగుతుంది. బరువు పోతే తిరిగి గీత మీదికి వస్తుంది. "వచ్చినంతకాలం భయం లేదు. రావడం మానేసిందా, అది మనతో మాట్లాడుతోందన్నమాట," అని రాణి చెప్పింది.

అనుకున్నట్టే ఆ ఏడు వరద వచ్చింది. అనుకున్న దానికంటే పెద్దదే వచ్చింది.

తెల్లవారేసరికి లంకలో పొలాలు లేవు, నీళ్లున్నాయి. జనమంతా స్తంభం చుట్టూ మిట్ట మీద గుంపుగా నిలబడ్డారు. రాజు ఇవతలి ఒడ్డున నిలబడి గట్టిగా కేకేశాడు. "ఎక్కినంతమందినీ ఎక్కించండి! ఒక్కరూ మిగలకూడదు!"

పైడమ్మ వెళ్లింది, నిండా జనంతో వచ్చింది. మళ్లీ వెళ్లింది, వచ్చింది. మనుషులతోపాటు మూటలు, మంచాలు, ఇత్తడి బిందెలు, గుమ్మడికాయలు కూడా వచ్చాయి. ఎవరి సామాను వాళ్లకు ముద్దు కదా. ఏరు గొలుసును పక్కకు లాగుతోంది, పడవ కిందికి లాగుతోంది. గొలుసు కిర్రుమనడం మొదలైంది.

ఆ తర్వాత పడవ ఒడ్డుకు తగిలి జనం దిగినప్పుడు, రాణి స్తంభం దగ్గర నిలబడి చూసింది. ఎర్రగుడ్డ పైకి లేచింది కానీ గీత దాకా రాలేదు. కిందనే ఊగుతూ ఉండిపోయింది.

పైడమ్మ గడకర్ర కింద పెట్టి రాజు ముందుకొచ్చింది. ఊపిరి అందడం లేదు. "మారాజా, ఇదింక మోయదు. నేనూ మోయలేను. ఈసారి సగం మందినే తెస్తాను. కాదంటే ఇంకొకళ్లని చూసుకోండి," అంది.

 మోయలేను అనే మాట ఆ రాజు ముందు అన్నవాళ్లెవరూ మర్నాడు కొలువులో కనబడలేదు. ఒక అధికారి ముందుకొచ్చి గట్టిగా అన్నాడు. "ప్రభూ! సగం సగం తెస్తే పొద్దు చాలదు! గొలుసు గట్టిదేగా! నింపి తెమ్మనండి!"

అతను చెప్పినదాంట్లోనూ నిజం లేకపోలేదు. మిట్ట చుట్టూ నీళ్లు పెరుగుతున్నాయి. తక్కువమందిని తెస్తే ఎక్కువసార్లు తిరగాలి. ఎక్కువమందిని తెస్తే గొలుసు ఉంటుందో పోతుందో తెలియదు. రాజు అటు లంకను చూశాడు, ఇటు పైడమ్మను చూశాడు. గొలుసు మూలుగు ఆయనకు స్పష్టంగా వినబడుతోంది. ఆయన చేతిలో కడ్డీ ఉంది. తట్టలేదు. స్తంభం దగ్గరికెళ్లి, గొలుసుకు చెవి ఆనించాడు.

లేచి పైడమ్మతో అన్నాడు. "అమ్మా, నువ్వు చెప్పినట్టే కానీ. సగమే ఎక్కించు. మూటలొద్దు, మంచాలొద్దు. మనుషులు చాలు. సామానుకు నేను పూచీ."

సామాను లేకపోయేసరికి పడవ తేలికైంది. ఎక్కడం దిగడం త్వరగా అయింది. పడవ అటు వెళ్లింది, ఇటు వచ్చింది. రాజూ అధికారులూ మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి పడవను ఒడ్డుకు లాగారు. ప్రతిసారీ ఎర్రగుడ్డ ఇంకొంచెం కిందికి జారింది. ప్రతిసారీ పైడమ్మ లంక వైపు చూసింది. నూకాలు ఇంకా అక్కడే ఉంది. నూకాలు అత్తకు కాళ్లు లేవవు. ఆమెను మోసుకొచ్చేసరికి ఆలస్యమైంది. చంటిపిల్లను ముందు పంపమంటే, తల్లిని వదిలి అది ఎవరి దగ్గరా ఉండనంది.

ఆఖరిసారి వెళ్లేటప్పుడు ఇవతలి స్తంభం దగ్గరి కొక్కెం నడుము సన్నబడి ఉండటం అందరికీ కనబడింది. రాజు చెప్పాడు. "అమ్మా, ఇది చివరిది. నిదానంగా తీసుకురా. గుంజవద్దు, కుదపవద్దు."

"నాకు చెప్తారేంటి!" అని గొణుగుతూనే వెళ్లింది పైడమ్మ.

పడవ నడిఏటికి వచ్చింది. గొలుసు ఎంత మూలిగిందంటే ఒడ్డున పసిపిల్లలు కూడా ఏడుపు ఆపి విన్నారు. పడవ ముక్కు ఇసుకకు తగిలింది. ముసలమ్మను దించారు, నూకాలు చంటిపిల్లను ఎత్తుకుని దిగింది, చివర పైడమ్మ దిగింది. ఇంకాసేపటికి ఆ సన్నబడ్డ కొక్కెం తీగలా సాగి, నెమ్మదిగా విడిపోయింది. గొలుసు ఏట్లోకి జారిపోయింది.

"చెప్పానా మోయదని!" అంది పైడమ్మ. ఆ మాటంటూనే మనవరాల్ని గుండెకు అదుముకుని, ఇసుకలో కూలబడి, పెద్దగా ఏడ్చింది. రాజు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

వరద తీశాక రుద్రాచారి అలాంటి గొలుసే ఇంకొకటి కట్టాడు. ఏటా ఎండాకాలంలో దాన్ని దించి, లాగి చూసి, సాగిన కొక్కేలు మార్చడం ఆ ఊళ్లో ఆనవాయితీ అయింది. మనవల కాలం దాకా ముట్టుకోనక్కర్లేని గొలుసు కావాలని రాజు మళ్లీ అడగలేదు. లంకవాళ్లు వదిలేసి వచ్చిన మంచాలకూ బిందెలకూ బదులు కోటలోవి ఇప్పించాడు.

కొండయ్యను పిలిపించి మళ్లీ గుమ్మం దగ్గర పెట్టాడు, ఈసారి కూర్చోవడానికి ఒక పీట కూడా వేయించాడు. రోజూ పొద్దున్నే కొలువు మొదలయ్యే ముందు రాజు ఒక మాట అడిగేవాడు. "ఎవరికైనా మోయలేనంత బరువు పడిందా? ఇప్పుడే చెప్పండి." మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత్తర్వాత ఒక్కొక్కరే చెప్పడం నేర్చుకున్నారు. రాజు కూడా ఒకరోజు, "నాకూ ఈవేళ తలనొప్పిగా ఉంది," అన్నాడు. కోట కూలిపోలేదు.

కాబట్టి పిల్లలూ, ఎంతైనా మోస్తానని గట్టిగా చెప్పేవాణ్ణి ఒకసారి లాగి చూడండి, ఇక మోయలేనని ముందుగా చెప్పేవాణ్ణి నమ్మండి, వాడు చెప్పినప్పుడు వినండి.